ఛార్టు మీద ఎవరి పేరు ముందు: స్టాన్ లీ పేరా, జాక్ కర్బీ పేరా?

నాగావళి_గట్టు
శ్రీకాకుళంలో మా వీధి పిల్లలకి సెలవుల్లో బొమ్మల కథలు వెయ్యడం నేర్పుతున్నాం. పది మంది పిల్లలు, రెండు చాపలు, ఒక పాత నల్లబల్ల. ఆఖరి రోజు గోడకి ఛార్టులు తగిలించాలని అనుకున్నాం. ఒకదాని మీద మన ఊళ్ళోనే 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య గారు. దాంతో ఏ గొడవా లేదు. రెండోది 'ఫెంటాస్టిక్ ఫోర్' గురించి, అమెరికాలో మార్వెల్ కంపెనీ వేసిన బొమ్మల కథల పుస్తకం. దాని కింద "సృష్టికర్త: జాక్ కర్బీ" అని రాశాను. సాయంత్రం పిల్లాడిని తీసుకెళ్ళడానికి వచ్చిన ఒకాయన, తెలుగు మాస్టారే, అది చూసి "బొమ్మలేసినాయన్ని సృష్టికర్త అంటారేటండీ? కథ రాసింది స్టాన్ లీ కదా, సినిమాల్లో కూడా కనిపించేవాడు" అన్నారు. కాదని నేను, అవునని ఆయన. టీ చల్లారిపోయింది గానీ ఛార్టు తేలలేదు. ఎల్లుండి తగిలించాలి, మీరేమంటారు?

నా వాదన ఇది. 1961లో ఆ పుస్తకం మొదలైనప్పుడు మార్వెల్‌లో పని జరిగే తీరే వేరు. రచయిత గడి గడికీ రాసిస్తే చిత్రకారుడు వెయ్యడం కాదు. లీ కథని క్లుప్తంగా చెప్పేవాడు, ఒక్కోసారి నోటి మాటగానే. కర్బీ ఇంట్లో బల్ల ముందు కూర్చుని కథంతా పెన్సిల్‌తో నడిపించేవాడు. దెబ్బ ఏ గడిలో పడాలి, ఎవరు ఎక్కడ ఆగాలి, మాట లేకుండా ఎక్కడ వదిలెయ్యాలి, అన్నీ ఆయనే. ఎవరేం అంటున్నారో పేజీ అంచుల్లో తన చేత్తో రాసి పెట్టేవాడు. ఆ తరవాతే లీ బుడగల్లో మాటలు నింపేవాడు. ఆ అంచు రాతలున్న అసలు పేజీలు ఇప్పటికీ ఉన్నాయి.

'ఫెంటాస్టిక్ ఫోర్'లోనే 1966లో వచ్చిన గెలాక్టస్ కథ చూడండి. అందులో ఆకాశంలో పలక మీద నిలబడి తిరిగే వెండి మనిషి, సిల్వర్ సర్ఫర్, లీ చెప్పిన కథలో లేడు. పేజీలు చేతికొచ్చాకే అతన్ని చూశానని లీయే చెప్పుకున్నాడు. తన కథలోకి ఎవరొచ్చారో తనకే తెలియని రచయితని ఏమనాలి?

గంటస్తంభం_వెనక
విజయనగరం నుంచి. సంపాదకుడు అనాలి. ఆ వెండి మనిషిని చూసి "ఎవడు వీడు, తీసెయ్" అనకుండా, వాడికి మాటలిచ్చి నిలబెట్టినవాడు.

మీ వాదన నిజమైతే లీ లేకుండా కర్బీ ఇంకా బాగా రాయాలి కదా? 1970లో మార్వెల్ వదిలి పోటీ కంపెనీ డీసీకి వెళ్ళాడు. 'న్యూ గాడ్స్' తనే రాశాడు, తనే వేశాడు. 1971లో మొదలైంది, 11 సంచికలకి 1972లో ఆపేశారు. బొమ్మలు ఒప్పుకుంటాను, కళ్ళు తిరుగుతాయి. మాటలు మాత్రం బెల్లం లేని అరిసెలు. అదే 'ఫెంటాస్టిక్ ఫోర్'లో బెన్ గ్రిమ్, ఆ రాతి మనిషి, లీ చేతిలో పడితే ఎంత వెటకారం, ఎంత ఏడుపు!

ఇంకొకటి. లీ మొదటి పేజీలో పేర్లు వేసేవాడు. పెన్సిల్ ఎవరు, ఇంకు ఎవరు, చివరికి అక్షరాలు రాసినవాడి పేరు కూడా. మన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు, 1954లో వచ్చిన 'తోకచుక్క'తో మొదలుపెట్టి, ఏళ్ళ తరబడి ఆయన పేరే లేకుండా వచ్చాయి. బొమ్మల్లో చిత్రా గారి సంతకం మాత్రం ఉండేది. మీ లెక్కన 'తోకచుక్క' సృష్టికర్త చిత్రా గారా?

నాగావళి_గట్టు
కాదు. అక్కడ కథ ముందు, బొమ్మ తరవాత. ఇక్కడ బొమ్మ ముందు, మాట తరవాత. నేను అడుగుతున్నదే అది. చిత్రా గారిని తీసేస్తే 'తోకచుక్క' చదువుకోవచ్చు. కర్బీని తీసేస్తే 'ఫెంటాస్టిక్ ఫోర్'లో ఏం మిగులుతుంది?

బొబ్బిలి_కుర్రోడు
స్పైడర్‌మ్యాన్ కూడా కర్బీదే కదా?

గంటస్తంభం_వెనక
కాదు తమ్ముడూ. 1962లో స్పైడర్‌మ్యాన్ మొదటిసారి వచ్చిన పుస్తకానికి అట్ట బొమ్మ మాత్రం కర్బీది. లోపలి బొమ్మలు, ఆ ముసుగు, ఆ దుస్తులు స్టీవ్ డిట్కోవి. నువ్వు అడగడం మంచిదైంది. కర్బీతో చేసినా, డిట్కోతో చేసినా పుస్తకం ఆడింది. రెండు చోట్లా ఉన్న మనిషి ఒక్కడే, లీ. దానికేమంటారు?

నాగావళి_గట్టు
కర్బీ పుస్తకాలు లీ లేకుండానూ ఆడాయి అంటాను. జో సైమన్‌తో కలిసి కెప్టెన్ అమెరికాని పుట్టించేనాటికి ఆయనకి పాతికేళ్ళు కూడా లేవు. హిట్లర్ దవడ మీద గుద్దు పడిన ఆ మొదటి అట్ట మీద తేదీ మార్చి 1941. అమెరికా యుద్ధంలోకి దిగింది డిసెంబరులో! అప్పటికి లీ అదే ఆఫీసులో సిరాబుడ్లు నింపే కుర్రాడు. అచ్చులో లీ తొలి రచన కూడా కెప్టెన్ అమెరికా మూడో సంచికలో పేజీ నింపడానికి వేసిన చిన్న కథే. 1947లో ప్రేమకథల కామిక్స్ మొదలుపెట్టింది కూడా సైమన్, కర్బీలే. (మన చందమామ పుట్టిన ఏడాది. ఊరికే గుర్తొచ్చింది.)

రంగుల_డబ్బా
నాను ముప్పై ఏళ్ళు బోర్డులు రాసినోణ్ణి. ఫ్లెక్సీలొచ్చి మా పని పోనాది, అది వేరే ఏడుపు. ఒకపాలి ఒక బట్టల కొట్టాయన "నెమలిని ఏటేనా ఎయ్యి" అన్నాడు. అంతే ఆయన సెప్పింది. నెమలి ఎటు సూడాల, తోక కొట్టు పేరు మీంచి ఎలగ పాకాల, కన్నుకి ఏ నీలం ఎయ్యాల, అదంతా నిచ్చెన మీద నా తలనొప్పి. నాలుగు రాత్రులు పట్టింది. తరవాత ఆయన వచ్చినోళ్ళకల్లా "ఈ నెమలి నా ఐడియా" అని సెప్పుకునీవోడు. అబద్ధమేటీ కాదు. నెమలి అన్నది ఆయనే.

కొట్టు మార్చీసినప్పుడు ఆ రేకు నాకిచ్చీండి బావూ అని అడిగాను. అప్పటికే పాత ఇనప సామాన్లోడికి ఏసీసినారు.

నాగావళి_గట్టు
మీ రేకు సంగతి చదివాక ఇది చెప్పకుండా ఉండలేను. 1980ల్లో మార్వెల్ పాత అసలు పేజీలు ఎవరివి వాళ్ళకి తిరిగివ్వడం మొదలుపెట్టింది. మిగతా చిత్రకారుల దగ్గర పొట్టి కాగితం మీద సంతకం తీసుకుని, కర్బీ ముందు మాత్రం నాలుగు పేజీల పత్రం పెట్టింది. ముందు ఇస్తామన్నవి 88 పేజీలు. తోటి చిత్రకారులు గొడవ చేస్తే 1987లో రెండు వేలకి అటూ ఇటూగా వచ్చాయి. ఆయన వాళ్ళకి వేసింది పది వేల పైమాటే.

మూడులాంతర్ల_మలుపు
మీ ఇద్దరూ కోర్టుకెళ్ళేలా ఉన్నారు గానీ, నేనొకటి చేసి చూశాను. 1966లోదే, 'ఫెంటాస్టిక్ ఫోర్' 51వ సంచిక. మొదటి పేజీ అంతా ఒకటే బొమ్మ: రాతి మనిషి బెన్ గ్రిమ్ వానలో ఒక్కడూ నిలబడి ఉంటాడు. మాటల మీద పోస్టుకార్డు ముక్కలు పెట్టి, మా తమ్ముడికి చూపించాను. వాడికి ఈ కథలేవీ తెలీవు. కాసేపు చూసి "ఇతన్ని ఇంట్లోంచి గెంటీసారా అక్కా?" అన్నాడు. భుజాలు చూడండి. రాయి కూడా నానిపోయినట్టు వేలాడుతున్నాయి. ముఖంలో కదలడానికి ఏమీ లేదు, రాళ్ళు పేర్చినట్టుంటుంది, అయినా వాడికి అర్థమైంది.

తరవాత కార్డులు తీసేశాను. మాటలు చదివి తమ్ముడు ఇంకేమీ అడగలేదు, పేజీ తిప్పాడు. దాన్ని మీరు ఎవరి ఖాతాలో వేసుకుంటారో మీ ఇష్టం.

గంటస్తంభం_వెనక
అమ్మాయి చెప్పింది బాగుంది. పేజీ తిప్పించినవి మాటలే కదా, నా ఖాతాలోనే వేసుకుంటాను.

కోర్టు మాట వచ్చింది కాబట్టి: 2009లో కర్బీ పిల్లలు హక్కుల కోసం నోటీసులిచ్చారు. 2011లో కోర్టు అది కూలికి చేసిన పని, హక్కులు కంపెనీవి అంది. 2013లో పై కోర్టూ అదే అంది.

నాగావళి_గట్టు
2014 వదిలేశారు. సుప్రీంకోర్టు కేసు తీసుకోవాలా వద్దా అని చూడబోయే ముందు కంపెనీ రాజీ చేసుకుంది. అప్పటి నుంచి కర్బీ పేరు లీ పక్కన పడుతోంది. కర్బీ 1994లోనే పోయాడు, చూసుకోలేదు. అయినా కోర్టు తేల్చింది హక్కులెవరివి అని. ఎవరు పుట్టించారన్నది కాదు.

గంటస్తంభం_వెనక
సరే, ఇలా చెప్తాను. మా ఆదిభట్ల నారాయణదాసు గారి హరికథ అయితే పాట, మాట, ఆట అన్నీ ఒక్కరివే. అక్కడ ఈ తగువే రాదు. ఇది బుర్రకథ. పక్కన హాస్యం చెప్పే వంత లేకపోతే జనం మధ్యలోనే లేచి వెళ్ళిపోతారు.

రంగుల_డబ్బా
మరి తంబురా ఎవరి సేతిలో ఉన్నాదంటారు?

నాగావళి_గట్టు
ఛార్టు మార్చాం. "సృష్టికర్త" కొట్టేసి, "కథ నడక, బొమ్మలు: జాక్ కర్బీ. మాటలు, సంపాదకత్వం: స్టాన్ లీ" అని రాయించాను. మాస్టారు వచ్చి చూశారు. "నడక అని ఎందుకు, కథ అంటే సరిపోదా" అన్నారు. అంటే కర్బీకి ఇంకా ఎక్కువ ఇచ్చినట్టవుతుందని ఆయనకి తట్టలేదు, నేనూ చెప్పలేదు.

గంటస్తంభం_వెనక
మీ ఊరు, మీ గోడ. విజయనగరంలో పెడితే మాత్రం లీ పేరే ముందు.

రంగుల_డబ్బా
పెట్టండి బావూ. అచ్చరాలు నాను రాస్తాను. కూలి మట్టుకు ముందే.