మోటారు వేగానికి పల్సులు లెక్కపెట్టాలా, పీరియడ్ కొలవాలా?

షాఫ్ట్‌రాజు: టెస్ట్ బెంచ్ మీద మోటారు వేగం కొలవాలి. షాఫ్ట్‌కి 60 పళ్ల గేరు, ఎదురుగా ఇండక్టివ్ ప్రాక్సిమిటీ సెన్సర్ (లోహపు పన్ను దగ్గరకొచ్చినప్పుడల్లా ఒక పల్సు ఇస్తుంది). 60 పళ్లు కాబట్టి ఎన్ని హెర్ట్జో అంతే ఆర్‌పీఎం. రేంజి 30 నుంచి 3000. డాక్ కార్డు (సెన్సర్ సిగ్నళ్లను కంప్యూటర్‌కి చేర్చేది) కౌంటర్‌కి 80 మెగాహెర్ట్జ్ క్లాకు ఉంది. మా సీనియర్ సెకనులో వచ్చిన పల్సులు లెక్కపెట్టమంటారు. నాకేమో పీరియడ్, అంటే ఒక పల్సు నుంచి తర్వాతి పల్సు దాకా పట్టే కాలం, కొలిస్తే మేలనిపిస్తోంది.

పాతకౌంటర్: సీనియర్ మాట వినండి. పక్కన వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే డ్రైవ్) ఉండే ఉంటుంది. దాని నాయిస్‌తో ఒక దొంగ పల్సు దూరిందనుకోండి, 1500 కాస్తా 1501 అవుతుంది, ఎవరికీ నష్టం లేదు. పీరియడ్ కొలిచేచోట అదే పల్సు రెండు పళ్ల మధ్య పడితే రీడింగు ఒక్కసారిగా ఎగిరిపోయి మోటారు ట్రిప్ అవుతుంది.

అంచుచూపు: 1500 దగ్గర సరేనండీ, 30 దగ్గరో? ఎంత జాగ్రత్తగా లెక్కపెట్టినా ఒక పల్సు అటో ఇటో అవుతుంది. 30లో ఒకటంటే 3.3 శాతం. కంట్రోల్ కోసం సెకను ఆగలేక గేటు (లెక్కపెట్టే వ్యవధి) 0.1 సెకనుకు తగ్గిస్తే వచ్చేవి 3 పల్సులు. తేడా 33 శాతం! దాన్ని కొలత అంటామా? పీరియడ్ అయితే 30 హెర్ట్జ్ దగ్గర 26 లక్షల పైచిలుకు క్లాకు టిక్కులు, 3000 దగ్గర కూడా 26 వేలు దాటి వస్తాయి. సెకను గేటుతో రెండు పద్ధతులూ కచ్చితత్వంలో సమానమయ్యేది సుమారు 8.9 కిలోహెర్ట్జ్ దగ్గర. ఈ రేంజి అక్కడిదాకా పోనే పోదు. నాయిస్ సంగతి డిజిటల్ ఫిల్టర్ చూసుకుంటుంది. 3000 దగ్గర కూడా పీరియడ్ 333 మైక్రోసెకన్లు, 5 మైక్రోసెకన్ల కంటే సన్నవాటిని వదిలేయమంటే అసలు పల్సుకేమీ కాదు.

పాతకౌంటర్: కాగితం మీద బాగుంది. పళ్లన్నీ ఒకే ఎడంతో ఉంటాయని ఎవరు చెప్పారు? షాఫ్ట్ నిలకడగా తిరుగుతున్నా పన్ను పన్నుకీ రీడింగు ఊగుతుంది, మీ లక్షల టిక్కులు అందులోనే కొట్టుకుపోతాయి. ఇంకోటి, మోటారు ఆగితే? పల్సు రాదు, పీరియడ్ పూర్తవదు, స్క్రీన్ మీద చివరి అంకె అలాగే ఉండిపోతుంది. ఆగిన మోటారు 42తో తిరుగుతోందని చూపించే మీటర్ని నేనైతే నమ్మను.

అంచుచూపు: పళ్ల తేడా నిజమే. పూర్తి చుట్టు, అంటే 60 పీరియడ్లు కలిపి తీసుకోవాలి. 3000 దగ్గర అది 20 మిల్లీసెకన్లే. 30 దగ్గర మాత్రం 2 సెకన్లు, మీ గేటు కంటే నత్తనడక! ఆగిన మోటారుకి దారుంది: చివరి పల్సు వచ్చి అర సెకనైతే ఫ్రీక్వెన్సీ 2 హెర్ట్జ్‌కి మించదు, సెకనైతే 1కి మించదు. ఆ హద్దునే చూపిస్తూ పోతే రీడింగు సున్నా వైపు దిగుతుంది.

లాడర్‌లాజిక్: కౌంటర్ ఎందుకండీ, మామూలు డిజిటల్ ఇన్‌పుట్ చదివి సాఫ్ట్‌వేర్‌లో లెక్కపెట్టుకోవచ్చుగా?

అంచుచూపు: 3000 హెర్ట్జ్‌కి సెకనుకు 6000 సార్లకు పైగా చదవాలి బ్రదర్, పల్సు సగం ఆన్ సగం ఆఫ్ ఉంటేనే అది కూడా. విండోస్ లూప్‌తో అయ్యే పని కాదు.

సెన్సర్‌సుజాత: గేటు పెట్టుకోండి, అందులో వచ్చిన మొదటి అంచు (పల్సు మొదలయ్యే క్షణం) నుంచి చివరి అంచు దాకా పట్టిన కాలాన్ని క్లాకుతో కొలవండి, మధ్యలో పూర్తయిన పల్సుల్ని దాంతో భాగించండి. ఒక పల్సు అటూఇటూ అనే గొడవే ఉండదు. అదలా ఉంచితే, రాజు గారూ, సెన్సర్ డేటాషీట్‌లో స్విచింగ్ ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్ని పల్సులు ఇవ్వగలదో) చూశారా? ఇండక్టివ్ రకాల్లో 1 కిలోహెర్ట్జ్ అందుకోలేనివి బోలెడు.

షాఫ్ట్‌రాజు: ఇప్పుడే చూశా మేడమ్, 800 హెర్ట్జ్! హాల్ సెన్సర్‌కి (అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే రకం) ఇండెంట్ పెడుతున్నా. అది వచ్చేలోగా మీరు చెప్పిన పద్ధతికి సీనియర్‌ని ఒప్పించాలి.