రోజూ కసరత్తు చేస్తున్నా కండ పట్టడం లేదు. విశ్రాంతి చాలకపోవడమే కారణమా?

ప్రశ్న (రాత్రి షిఫ్టు, హైదరాబాద్)

అందరికీ నమస్కారం. నా వయసు 28 ఏళ్ళు, బరువు 67 కిలోలు. ఎనిమిది నెలలుగా వారంలో ఏడు రోజులూ జిమ్‌కు వెళుతున్నాను. సోమవారం ఛాతీ, మంగళవారం భుజాలు, బుధవారం చేతులు, గురువారం వీపు, శుక్రవారం కాళ్ళు, శనివారం మళ్ళీ ఛాతీ, ఆదివారం మళ్ళీ చేతులు చేస్తాను. ఉద్యోగం ముగించుకుని ఇంటికి చేరి పడుకునేసరికి తెల్లవారుజామున 5 గంటలవుతుంది. 10 గంటలకు లేచి, 11 గంటలకు జిమ్‌లో ఉంటాను. గుడ్లు, పప్పు, పెరుగు, ఒక స్కూప్ ప్రోటీన్ పౌడర్ కలిపి రోజుకు 100 గ్రాములకు పైగా ప్రోటీన్ అందుతోంది.

మొదటి ఐదు నెలల్లో బెంచ్ ప్రెస్ (బల్ల మీద వెల్లకిలా పడుకుని బరువును పైకి నెట్టడం) 30 కిలోల నుంచి 60 కిలోలకు పెరిగింది. తరువాత అక్కడే ఆగిపోయింది. పోయిన సోమవారం 55 కిలోలతోనే ఆరో రెప్‌లో (ఆరోసారి దించి ఎత్తేటప్పుడు) బార్ ఛాతీ మీద ఆగిపోతే, పక్కన ఉన్న వ్యక్తి వచ్చి ఎత్తవలసి వచ్చింది. ఆకలి తగ్గింది. ఉదయం లేచిన వెంటనే చూసుకుంటే 62 ఉండే నాడి ఇప్పుడు 74 చూపిస్తోంది. షర్టు తొడుక్కోవడానికి చేయి పైకెత్తినప్పుడు ఎడమ భుజం ముందు భాగంలో నొప్పి వస్తోంది. ఒక్క రోజు మానినా కండ దిగిపోతుందని మా ట్రైనర్ అంటున్నారు. ఇది నిజమేనా? వారానికి ఎన్ని రోజులు విశ్రాంతి తీసుకోవాలి?

జవాబు (వ్యాయామ శిక్షకుడు, విశాఖపట్నం)

ఒక్క రోజు మానితే కండ దిగిపోదండీ. నాలుగైదు రోజులు మానినప్పుడు కండరం కాస్త వడలినట్టు కనిపించడానికి కారణం, అందులో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం, దానితో పాటు ఉండే నీరు తగ్గడమే. మళ్ళీ కసరత్తు చేసి కడుపునిండా అన్నం తింటే ఆ నిండుదనం ఒకటి రెండు రోజుల్లో తిరిగి వస్తుంది. జపాన్‌లో కొత్తగా బెంచ్ ప్రెస్ మొదలుపెట్టిన యువకులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టు చేత 24 వారాలు ఆపకుండా చేయించి, రెండో జట్టుకు ఆరు వారాల సాధన తరువాత మూడు వారాల చొప్పున రెండుసార్లు పూర్తి విరామం ఇచ్చారు. చివరికి రెండు జట్ల కండరాల పెరుగుదలా దాదాపు సమానంగానే ఉంది. మూడు వారాల విరామమే నష్టం చేయనప్పుడు ఒక ఆదివారానికి భయపడవలసిన పని లేదు.

మీ పట్టికను కాగితం మీద పెట్టి చూశాను. మీరు రోజుకో భాగం చేస్తున్నానని అనుకుంటున్నారు గాని, శరీరం లెక్క అలా లేదు. ఛాతీ వ్యాయామాల్లో బరువును పైకి నెట్టేటప్పుడు భుజం ముందు కండరం, మోచేతి వెనుక ఉండే ట్రైసెప్స్ కూడా పనిచేస్తాయి. భుజాల రోజునా ట్రైసెప్స్ పనిచేస్తాయి, చేతుల రోజు సరేసరి. అంటే శనివారం నుంచి బుధవారం వరకు వరుసగా ఐదు రోజులు మీ ట్రైసెప్స్‌కు ఒక్క పూట విరామం లేదు. సోమవారం నాడు ఆగిపోయింది ఛాతీ కాకపోవచ్చు. శని, ఆదివారాల్లో అప్పటికే అలసిపోయిన ట్రైసెప్స్ కావచ్చు. మీ భుజం నొప్పికి కూడా దీనితో సంబంధం ఉండవచ్చు.

బరువు ఎత్తడం కండరానికి పని చెప్పడం మాత్రమే. కొత్త ప్రోటీన్ చేరి కండరం బలపడే పని ఆ తరువాత 24 నుంచి 48 గంటల పాటు సాగుతుంది. స్లాబు వేసిన మర్నాడే సెంట్రింగ్ విప్పి పైన గోడ కట్టడం మొదలుపెట్టరు కదా. కనుక వారానికి నాలుగు రోజులు చాలు: సోమ, గురువారాల్లో నడుముకు పైనున్న భాగాలు, మంగళ, శుక్రవారాల్లో కాళ్ళు. ఇలా చేస్తే ప్రతి భాగానికీ వారానికి రెండుసార్లు పని దొరుకుతుంది, మధ్యలో కనీసం రెండు రోజుల ఎడం ఉంటుంది. బరువైన సెట్ల (ఆపకుండా వరుసగా చేసే రెప్‌ల) మధ్య కూడా తొందర వద్దు. అనుభవం ఉన్న యువకులపై 2016లో వచ్చిన ఒక పరిశోధనలో, సెట్ల మధ్య ఒక్క నిమిషం ఆగినవారికన్నా మూడు నిమిషాలు ఆగినవారికే బలమూ కండా ఎక్కువగా పెరిగాయి.

జవాబు (ఫిజియోథెరపిస్ట్, కాకినాడ)

పైన చెప్పిన పట్టిక సరైనదే. అయితే అది ఒక్కటే మార్చి, నిద్రను 5 గంటల దగ్గరే ఉంచితే మీకు ఆశించిన ఫలితం వస్తుందని నేను అనుకోను. ఈ ప్రశ్నలో అన్నిటికన్నా ముందు చూడవలసిన అంకె 55 కిలోలు కాదు, ఆ 5 గంటలు.

షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, పదిమంది ఆరోగ్యవంతులైన యువకులను ఒక వారం పాటు రాత్రికి 5 గంటలు మాత్రమే పడుకోనిస్తే, పగటిపూట వారి టెస్టోస్టిరాన్ (కండ పెరగడానికి తోడ్పడే పురుష హార్మోన్) 10 నుంచి 15 శాతం తగ్గింది. అదే విశ్వవిద్యాలయంలో జరిగిన మరో అధ్యయనంలో, ఆహారం తగ్గించుకుంటున్న అధిక బరువున్నవారు నిద్ర చాలనప్పుడు కొవ్వును తక్కువగా, కండరంతో కూడిన భాగాన్ని ఎక్కువగా పోగొట్టుకున్నారు. రెండూ చిన్న అధ్యయనాలే కాబట్టి వాటి అంకెలను మీకు యథాతథంగా అన్వయించలేము గాని, తిన్నది ఒంట పట్టడానికి నిద్ర ఎంత అవసరమో అవి చెబుతున్నాయి. ప్రోటీన్ గ్రాములను తూచుకునే శ్రద్ధలో సగం నిద్ర మీద పెట్టమని నా దగ్గరికి వచ్చే యువకులందరినీ నేను బతిమాలుతుంటాను.

పగటి నిద్ర కష్టమని నాకు తెలుసు. ఏడింటికి పక్కింటి కుక్కర్ కూతలు, ఎనిమిదింటికి కూరగాయల బండి మైకు మొదలవుతాయి. కిటికీకి వెలుతురు చొరని మందపాటి తెర వేసి, చెవుల్లో ఇయర్ ప్లగ్‌లు పెట్టుకోండి. కాఫీలోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది కాబట్టి, రాత్రి 10 తరువాత టీ, కాఫీలు మానండి. పడుకునే సమయం మార్చలేరు కనుక లేచే సమయాన్ని మార్చండి: మధ్యాహ్నం 12:30 వరకు పడుకుని, భోజనం చేసి, జిమ్‌ను 3 గంటలకు జరపండి.

భుజం విషయంలో రెండు వారాలు బెంచ్ ప్రెస్, తలపైకి నెట్టే బరువులు పూర్తిగా ఆపండి. నొప్పి ఉన్న పక్కకు తిరిగి పడుకోలేకపోయినా, చేతిలో పట్టు తగ్గినా ఆర్థోపెడిక్ వైద్యులకు చూపించండి. మూడు వారాలు సరిగ్గా నిద్రపోయాక కూడా నాడి 70కి పైనే ఉండి నీరసం తగ్గకపోతే, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షల గురించి వైద్యులను అడగండి. ప్రతి అలసటకూ వ్యాయామమే కారణమని తీర్మానించుకోకూడదు.

జవాబు (గృహిణి, గుంటూరు)

నేను శిక్షకురాలిని కాను, నాలుగేళ్ళుగా బరువులు ఎత్తుతున్న 41 ఏళ్ళ గృహిణిని. ఒక విషయం చెప్పకుండా ఉండలేకపోతున్నాను. రెండేళ్ళ క్రితం ఒక నెల మానేసి తిరిగి వచ్చిన మొదటి రోజే, స్నేహితురాళ్ళతో పంతం పట్టి 200 బస్కీలు తీశాను. మరునాడు తొడలు బిగుసుకుపోయి మెట్లు దిగలేకపోయాను. అది మామూలు ఒళ్ళు నొప్పులే అనుకున్నాను. రెండో రోజు మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వచ్చింది. ఆసుపత్రిలో మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. కండరాలు దెబ్బతిని వాటిలోని పదార్థం రక్తంలోకి చేరిందని, ఆలస్యం చేసి ఉంటే మూత్రపిండాలు పాడయ్యేవని డాక్టరు గారు చెప్పారు. తీవ్రమైన నొప్పితో పాటు ఆ రంగు కనిపిస్తే ఒక్క గంట కూడా ఆగకండి బాబూ.

విశ్రాంతి రోజున మంచం మీదే ఉండాలని ఏమీ లేదు. నేను అరగంట నడుస్తాను, ఇంటిపని చేసుకుంటాను. మొదట్లో జిమ్‌కు వెళ్ళని రోజు ఏదో తప్పు చేసినట్టు అనిపించేది. ఆ రోజును కూడా డైరీలో రాసుకోవడం మొదలుపెట్టాక ఆ బాధ పోయింది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ట్రైసెప్స్ లెక్క చూశాక నా డైరీ తీసి సరిచూసుకున్నాను. 60 కిలోలు విఫలమైన తొమ్మిది సందర్భాల్లో ఎనిమిది సోమవారాలే. ఒక్క సందేహం మిగిలింది. బల్గేరియా వెయిట్‌లిఫ్టర్లు రోజుకు రెండు మూడు పూటలు సాధన చేసి ఒలింపిక్ పతకాలు గెలిచారని చదివాను. వారికి సాధ్యమైనది మనకెందుకు కాదు?

జవాబు (వ్యాయామ శిక్షకుడు, విశాఖపట్నం)

మంచి ప్రశ్న. ఇవాన్ అబజియెవ్ శిక్షణలో బల్గేరియన్లు అలా చేసిన మాట నిజమే. కాని వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లోని రెండు పద్ధతులైన స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్‌లలో బరువును పైకెత్తాక అక్కడి నుంచి కింద పడేస్తారు. కండరాన్ని ఎక్కువగా దెబ్బతీసేది, మర్నాటి నొప్పిని తెచ్చేది బరువును మెల్లగా దించే దశ. వారి సాధనలో అది తక్కువ, మీ బెంచ్ ప్రెస్‌లో ప్రతి రెప్‌లోనూ ఉంటుంది. పైగా వారు ఏళ్ళ తరబడి వడపోతలో మిగిలినవారు, శిబిరంలో తినడం, ఎత్తడం, పడుకోవడమే వారి ఉద్యోగం. మీకు రాత్రంతా వేరే ఉద్యోగం ఉంది.

ఫిజియో గారు చెప్పినట్టు రెండు వారాలు బెంచ్ ప్రెస్ ఆపండి. ఆ సమయంలో కాళ్ళు, నొప్పి కలిగించని వీపు వ్యాయామాలు సగం సెట్లతో చేయండి. తరువాత భుజం నొప్పి లేకపోతేనే 45 కిలోలతో మొదలుపెట్టి వారానికి రెండున్నర కిలోల చొప్పున పెంచండి. ఎత్తిన బరువుతో పాటు నాడి, నిద్ర గంటలు కూడా డైరీలో రాస్తూ ఉండండి. 55 కిలోలు దాటేటప్పుడు ఆ మూడు వరుసలూ ఇక్కడ పెడితే, తరువాత ఏమి చేయాలో చూద్దాం.