కాకి ముట్టింది, అమ్మ కుదుటపడింది. మరి నేను?

ప్రశ్న:
పోయిన నెల నాన్న కాలం చేశారు. పదో రోజు పిండం పెడితే కాకి ఎంతకీ ముట్టలేదు. ఏదో కోరిక మిగిలిపోయిందని అమ్మ కుమిలిపోయింది. బాబాయి చేతులు జోడించి, "వదినను నేను చూసుకుంటాను అన్నయ్యా" అన్నాక ఒకటి వాలింది. అమ్మ ముఖం తేటపడింది. అప్పటికి అందరం వెనక్కి జరిగాం కాబట్టే వాలింది! నాకు దేవుడి మీదా ఆత్మ మీదా నమ్మకం లేదు. అయినా నోరు మెదపలేదు. ఆమెకు దొరికిన ఊరట నాకెక్కడిది?

జవాబు 1:
మెదపకపోవడమే మంచిది. కానీ ఆ ఊరటకు పూచీ లేదు. మా అత్తయ్యకు కాకి రానే రాలేదు, చివరికి ఆవుకు పెట్టారు. మామయ్య ఆ దిగులుతోనే పోయారు.

జవాబు 2:
1940లో ముదునూరులో నాస్తికవాది గోరా, ఆయన భార్య సరస్వతి స్థాపించిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడకు మారింది. అంటే మనలాంటివాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. నమ్మనివాళ్లు ఒంటరిగా ఏడవాలని ఎవరన్నారు? మా నాన్న దేహాన్ని వైద్య కళాశాలకు ఇచ్చి సంస్మరణ సభ పెట్టాం. ఆయన దగ్గర సైకిలు పని నేర్చినవాళ్లు వచ్చి, ఆయన తిట్లు అనుకరిస్తూ నవ్వించారు. దుఃఖం తగ్గలేదు, పంచుకున్నాం అంతే.

ప్రశ్న వేసిన వ్యక్తి:
సంవత్సరీకానికి అలాంటి సభ పెడదామంటే అమ్మ, "తద్దినం కూడా పెట్టాలి మరి" అంది. రెండూ చేస్తాం.