డిక్ట్‌లో పాత కీలను ముందు నుంచి తీసేస్తుంటే రానురాను నెమ్మదిస్తోంది, ఎందుకు?

ప్రశ్న: అడుగున_బగ్గు

పైథాన్ 3.10లో, లక్ష ఎంట్రీలు మించని క్యాష్ (మళ్ళీ వాడే ఫలితాల నిల్వ) ఒకటి మామూలు డిక్ట్‌తోనే (కీ, విలువల జంటలు దాచే పట్టిక) రాశాను. పెట్టిన వరుస చెదరదని 3.7 నుంచి భాషే హామీ ఇస్తోంది కదా, అందుకే వరుస కోసమే ఉన్న ప్రత్యేక డిక్ట్, ఆర్డర్డ్‌డిక్ట్ జోలికి పోలేదు. కొత్త కీ పెట్టాక సైజు లక్ష దాటితే నెక్స్ట్(ఐటర్(క్యాష్))తో అన్నిటికన్నా పాత కీని పట్టుకుని డెల్ చేస్తున్నాను. కీలన్నీ ఇంటీజర్లు.

ఫలితాల్లో తప్పేమీ లేదు. కానీ క్యాష్ నిండినప్పటి నుంచి ఒక్కో ఇన్సర్ట్‌కు పట్టే సమయం మెల్లగా పెరుగుతూ పోయి, ఉన్నట్టుండి పడిపోతోంది, మళ్ళీ మొదటి నుంచి పెరుగుతోంది. గ్రాఫ్ గీస్తే రంపపు పళ్ళే. గార్బేజ్ కలెక్టర్ (వాడని మెమరీని ఏరేసేది) ఆపేసి చూసినా అంతే. హ్యాష్ కొలిజన్లు (వేర్వేరు కీలు ఒకే గడికి రావడం) అనుకోవచ్చా?

సమాధానం: ఖాళీగడి

కొలిజన్లు కావండి. ఐటర్ (కీలను మొదటి నుంచి ఒక్కొక్కటిగా ఇచ్చేది) మీరనుకున్నంత చవక కాదు.

సీపైథాన్ (మనం మామూలుగా వాడే పైథాన్) డిక్ట్ 3.6 నుంచి రెండు భాగాలుగా ఉంటుంది. ఒకటి పలచగా నిండే ఇండెక్స్ పట్టిక, రెండోది ఎంట్రీలు వచ్చిన వరుసలోనే పేర్చుకుంటూ పోయే దట్టమైన అరే. కీని హ్యాష్ చేసి (ఒక సంఖ్యగా మార్చి) ఇండెక్స్‌లో చూస్తే 'అరేలో ఫలానా స్థానం' అని దొరుకుతుంది. వరుస నిలబడేది ఈ అరే వల్లే. దీన్ని మొదట తలపెట్టింది మెమరీ ఆదా కోసం, వరుస దాంతోపాటు వచ్చిన లాభం.

ఇక డెల్ చేస్తే ఏమవుతుందంటే, ఇండెక్స్‌లో ఆ గడికి 'ఇక్కడ ఒకటి ఉండేది' అనే గుర్తు పడుతుంది, అరేలో ఆ ఎంట్రీ ఖాళీ అవుతుంది. వెనకవి ముందుకు జరగవు. కొత్త ఎంట్రీ ఆ ఖాళీలోకి రాదు, చివరకే పోతుంది. మీరు ఎప్పుడూ ముందు నుంచే తీస్తున్నారు కాబట్టి ఖాళీలన్నీ అరే మొదట్లోనే పోగవుతాయి. కొత్త ఐటర్ ప్రతిసారీ సున్నా నుంచి బయల్దేరి, ఆ ఖాళీలన్నీ దాటుకుంటూ పోయి మొదటి బతికున్న ఎంట్రీని ఇస్తుంది.

మీ లెక్కే వేసి చూద్దాం. లక్ష ఎంట్రీలకు చేరేసరికి డిక్ట్‌లో 2,62,144 గళ్ళుంటాయి. అందులో మూడింట రెండు వంతులే వాడుకోనిస్తుంది, అంటే అరేలో 1,74,762 చోట్లు. కాబట్టి సుమారు 74,762 తొలగింపుల తర్వాత చోటు అయిపోయి రీసైజ్ (పట్టికను కొత్త సైజులో మళ్ళీ కట్టడం) జరుగుతుంది. రీసైజ్‌లో బతికున్నవి మాత్రమే కొత్త అరేలోకి వెళ్తాయి, ఖాళీలు మాయం. అదే మీ గ్రాఫ్‌లో పడిపోయే చోటు. కొత్త సైజు బతికున్న ఎంట్రీలకు మూడు రెట్లు, దాన్ని ఆ పైన వచ్చే మొదటి 2 ఘాతానికి (2, 4, 8, 16... వరుసలోని సంఖ్యకు) పెంచితే 5,24,288 గళ్ళు, వాడుకోగలిగినవి 3,49,525. అక్కడి నుంచి ఒక్కో పన్ను దాదాపు 2,49,525 తొలగింపుల పొడవు. మొదటి పన్ను చిన్నది, మిగతావి పెద్దవి అయి ఉండాలి, మీ గ్రాఫ్‌లో చూసుకోండి.

పెద్ద పన్నులో సగటున ఒక్కో తొలగింపుకు 1.25 లక్షల ఖాళీలు దాటాలి. 3.10లో ఎంట్రీకి 24 బైట్లు (హ్యాష్, కీ, విలువ), అంటే ఒక్క పాత కీ కోసం 3 ఎంబీ మెమరీ తిరగేస్తున్నారు.

సమాధానం: చివరికొక_పాయింటర్

పై వివరణకు జోడింపు. మార్గాలు మూడు.

సూటిగా కావాలంటే ఆర్డర్డ్‌డిక్ట్, పాప్‌ఐటమ్(లాస్ట్=ఫాల్స్). అది డిక్ట్‌తో పాటు రెండు వైపులా లింకులున్న జాబితా కూడా నడుపుతుంది కనుక ముందు నుంచి తీయడం ఎప్పుడూ స్థిర సమయమే. ఖర్చు మెమరీలో: ఎంట్రీకి 32 బైట్ల నోడ్ అదనం, దానిపైన ఇంకొక పాయింటర్ల అరే. మామూలు డిక్ట్ పాప్‌ఐటమ్ ఇక్కడ పనికిరాదు, అది చివరి ఎంట్రీనే ఇస్తుంది.

మెమరీ అంతగా పెరగకూడదంటే డిక్ట్ అలాగే ఉంచి పక్కన కీల డెక్ (రెండు చివరల నుంచీ తీయగల వరుస) ఒకటి పెట్టుకోండి. పాప్‌లెఫ్ట్‌తో (ముందు నుంచి తీయడం) వచ్చిన కీని డిక్ట్‌లో డెల్ చేస్తే అది నేరుగా హ్యాష్ వెతుకులాట, ఖాళీల మీదుగా నడక ఉండదు. మధ్యలోంచి కీలు తీసేసే కోడ్ ఉంటే మాత్రం డెక్‌లో చచ్చిన కీలు మిగిలిపోతాయి, అప్పుడు ఈ దారి వద్దు.

మూడోది, ఒక్కొక్కటిగా కాకుండా వెయ్యి చొప్పున తీయడం: లిస్ట్(ఐస్లైస్(క్యాష్, 1000)) తీసుకుని వరుసగా డెల్. ఖాళీల నడక వెయ్యికి ఒకసారే పడుతుంది. క్యాష్ 'సుమారు లక్ష' ఉంటే చాలనుకుంటే ఇదే అన్నిటికన్నా తక్కువ మార్పు.

ఇంకొకటి: ఉన్న కీకి కొత్త విలువ ఇస్తే దాని స్థానం మారదు, డిక్ట్‌లోనూ ఆర్డర్డ్‌డిక్ట్‌లోనూ. 'ఇటీవల వాడింది ఆఖరికి' కావాలంటే మూవ్‌టుఎండ్ పిలవాలి. దీనికి టెస్ట్ రాసేటప్పుడు రెండు మామూలు డిక్ట్‌లను == తో పోల్చకండి, అది వరుసను పట్టించుకోదు. లిస్ట్(ఎ) == లిస్ట్(బి) అని కీలను పోల్చండి.

అడుగున_బగ్గు

మొదటి పన్ను నిజంగానే చిన్నదండి, సరిపోయింది. ఆర్డర్డ్‌డిక్ట్ పెట్టాక గీత చదునుగా ఉంది. ఇంకో చిక్కు: ఇదే క్యాష్‌ను జేసన్‌గా (డేటాను పాఠంగా రాసే పద్ధతి) పంపి బ్రౌజర్‌లో చూపిస్తున్నాం. పంపేటప్పుడు వరుస బాగుంది, పేజీలో మాత్రం ఐడీ ప్రకారం చిన్న నుంచి పెద్దకు వస్తోంది.

సమాధానం: సెమీకోలన్

జావాస్క్రిప్ట్ ఆబ్జెక్ట్ సంగతి అంతే. పూర్ణాంకంలా కనిపించే కీలు ముందు ఆరోహణ క్రమంలో వస్తాయి, మిగతా స్ట్రింగ్ కీలు వాటి తర్వాత పెట్టిన వరుసలో. మీ ఇంటీజర్ కీలు జేసన్‌లో స్ట్రింగులైనా, పార్స్ అయ్యాక '42' అనేది పూర్ణాంక కీ కిందే లెక్క. కీకి ముందు అక్షరం తగిలించడం లాంటి చిట్కాలు వద్దు. [కీ, విలువ] జంటల జాబితాగా పంపి, అవతల మ్యాప్‌లో వేసుకోండి. మ్యాప్‌లో ఏ రకం కీ అయినా పెట్టిన వరుసే.

మధ్యలో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉంటే అదీ చూసుకోండి. దాని జేసన్‌బీ రకం కాలమ్ వరుసను నిలుపుకోదు, కీలను ముందు పొడవును బట్టి సర్దుతుంది. ఉత్త జేసన్ కాలమ్ మీరిచ్చిన పాఠాన్ని ఉన్నదున్నట్టు ఉంచుతుంది. అసలు జేసన్ ప్రమాణమే ఆబ్జెక్ట్‌ను వరుస లేనిదిగా నిర్వచించింది కాబట్టి దారిలో ఎవరు కలిపేసినా అడగడానికి లేదు.

సమాధానం: ఖాళీగడి

వేరే భాషల నుంచి ఇక్కడికి వచ్చేవారికి రెండు ముక్కలు. జావాలో లింక్డ్‌హ్యాష్‌మ్యాప్ తీసుకుని రిమూవ్‌ఎల్డెస్ట్‌ఎంట్రీ ఓవర్‌రైడ్ చేస్తే ఈ క్యాష్ నాలుగు లైన్లు. కన్‌స్ట్రక్టర్‌లో యాక్సెస్‌ఆర్డర్ ట్రూ ఇస్తే గెట్ కూడా లింకులు మారుస్తుంది, కాబట్టి దాన్ని రీడ్ లాక్ (ఒకేసారి పలువురిని చదవనిచ్చే తాళం) కింద పిలవడం బగ్గే. రస్ట్ ఇండెక్స్‌మ్యాప్ ఖాళీలే ఉంచదు: స్వాప్_రిమూవ్ చివరిదాన్ని తెచ్చి ఆ చోట పెట్టి వరుస చెడగొడుతుంది, షిఫ్ట్_రిమూవ్ వరుస ఉంచుతుంది కానీ వెనకవన్నీ జరపాలి. ముందు నుంచి తీసే క్యాష్‌కు రెండూ సరిపడవు.