అప్‌డేట్: అసగావో పువ్వు శరత్తులో ఎందుకుంది?

కిందటి వారం నేనడిగింది ఇదీ: జూలైలోనే విచ్చుకునే అసగావో (మార్నింగ్ గ్లోరీ) పువ్వును, జపాన్ చిన్న కవితలైన హైకూల్లో ఋతువును సూచించే పదాల కోశం ‘సైజికి’ శరత్తులో ఎందుకు చేర్చింది? అచ్చుతప్పు అనుకున్నాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు; పొరపాటు నాదే.

సైజికి పాత కాలగణనను అనుసరిస్తుంది. దాని ప్రకారం ఎండలు మండుతున్నా సరే, ఆగస్టు 7, 8 తేదీలకే శరత్తు మొదలు. ఆ పాత లెక్కలో ఏడో నెల ఏడో రోజున వచ్చే తనబత పండుగ కూడా అందుకే శరత్తుకు చెందింది. ఇంకా నచ్చిన సంగతి, ఏ విశేషణమూ లేకుండా ‘చంద్రుడు’ అంటే శరత్‌చంద్రుడే. వేసవి వెన్నెల కావాలంటే ఆ మాట విడిగా చెప్పుకోవాలి. కప్ప మాత్రం వసంతానిది. కప్ప అనగానే వానాకాలం గుర్తొచ్చే నాకు ఇది ఇప్పటికీ మింగుడుపడలేదు!

మీలో ఒకరు చెప్పినట్టు, 905 నాటి జపనీస్ కవితా సంకలనం ‘కొకిన్‌షూ’ విభజన కూడా చూశాను. ఇరవై భాగాల్లో మొదటి ఆరు ఋతువులవి. వసంతానికి రెండు, శరత్తుకు రెండు. పాపం, వేసవికీ శీతాకాలానికీ ఒక్కొక్కటే. ప్రేమకు ఏకంగా ఐదు. పక్షపాతం పాతదేనన్నమాట.

ప్రస్తుతం సైజికిలో జంతువుల విభాగం చదువుతున్నాను. కప్ప దగ్గరే ఆగిపోయాను.