కువైట్ నుంచి వచ్చిన ఈ మిలటరీ చొక్కా అసలుదేనా?

మాది గుంటూరు. మా బాబాయి 1991 యుద్ధం అయ్యాక కువైట్‌లో డ్రైవర్‌గా చేసి, వచ్చేటప్పుడు అక్కడి పాతబట్టల సంతలో కొన్న అమెరికా ఆర్మీ ఎడారి చొక్కా ఒకటి తెచ్చాడు. ఇసుక, గోధుమ రంగుల మీద గులకరాళ్లలా నలుపు తెలుపు చుక్కలు, అదే చాక్లెట్ చిప్ అంటారు చూడండి, ఆరు రంగులది. గల్ఫ్ యుద్ధంలో సైనికులు వేసుకున్నది ఇదే, తర్వాత మూడు రంగుల డిజైన్‌కి మారారు, 2003లో ఇరాక్ వెళ్లినవాళ్ల మీద ఎక్కువగా కనిపించేది అది. ఇంతవరకు తెలుసు.

నా డౌట్ ఏంటంటే, వీటికి నకళ్లు బోలెడు. లోపలి లేబుల్ దాదాపు చెరిగిపోయింది, డీఎల్ఏ100-90 అని మాత్రం కనబడుతోంది (డీఎల్ఏ అంటే అమెరికా సైన్యానికి సరుకులు కొనిపెట్టే సంస్థ). ఆ 90 అంటే చొక్కాలు కుట్టించిన కాంట్రాక్టు 1990దనే కదా? 8415తో మొదలయ్యే స్టాక్ నంబర్ కూడా ఉండాలంటారు, అది లేకపోతే గుడ్డ, గుండీలు, కుట్టు చూసి తేల్చుకోవచ్చా? విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒకాయనకు చూపిస్తే చూడకుండానే డూప్లికేట్ అనేశాడు, చవగ్గా కొట్టేద్దామనేమో.

ఇంకోటి, బీరువాలో ముక్క వాసన పట్టేసింది, రంగు పోకుండా ఎలా ఉతకాలి? అమ్మే ఉద్దేశం లేదు, రేటు చెప్పొద్దు. తెలిసినవాళ్లు, ముఖ్యంగా ఆర్మీలో చేసినవాళ్లు చెప్పండి ప్లీజ్.