పాత ఎఫ్-111 220, ఇప్పటి జెడ్‌పీ 190: ఏది మెత్తగా దింపుతుంది?

ప్రశ్న:

నేను స్కైడైవింగ్ చేస్తాను. ఇప్పుడు తొమ్మిది సెల్స్ (గాలి నిండే గదులు) ఉన్న జెడ్‌పీ (గాలి చొరని జీరో పొరాసిటీ గుడ్డ) కానపీ, అంటే పారాచూట్ రెక్క మీద దూకుతున్నాను, 190 చదరపు అడుగులది. సామానంతా తగిలించుకుంటే నా బరువు 190 పౌండ్లు, అంటే వింగ్ లోడింగ్ (ఒక్కో చదరపు అడుగు మీద పడే పౌండ్లు) సరిగ్గా 1.0. తెలిసినాయన ఒకరు తన పాత ఏడు సెల్స్ ఎఫ్-111 (పూత లేని పాతరకం నైలాన్ గుడ్డ) కానపీ ఇస్తానంటున్నారు. 220 చదరపు అడుగులు, లేబుల్ మీద 1988 అని ఉంది. సైజు పెద్దది కాబట్టి ఇంకా నెమ్మదిగా, మెత్తగా దిగుతుందనుకుంటున్నాను. రెండూ ఎగరేసినవాళ్ళు చెప్పండి, నా లెక్క సరైనదేనా?

జవాబు 1:

జెడ్‌పీని జెడ్‌పీతో పోల్చినప్పుడు మీ లెక్క సరిపోతుందండీ. బట్ట మారితే మాత్రం చదరపు అడుగులు చూసి ఏమీ తేల్చలేం. ఎఫ్-111 గుడ్డ కొత్తలో గాలిని దాదాపు ఆపుతుంది. కానీ ప్యాకింగ్‌లో చేతులు రాసుకుని, మడతలు పడి, కొన్ని వందల జంపులకే గాలి వదలడం మొదలవుతుంది. జెడ్‌పీ మీద సిలికాన్ పూత ఉంటుంది కాబట్టి వెయ్యి జంపులు దాటినా పెద్దగా తేడా రాదు. 80ల చివర్లో జెడ్‌పీ వచ్చాకే జనం చిన్న కానపీలకి ధైర్యంగా వెళ్ళగలిగారు. అంతకు ముందు ఎఫ్-111 మీద 0.7 చుట్టుపక్కల లోడింగ్ ఉంటే హాయిగా దిగేవాళ్ళం. మీ బరువుకి ఆ లెక్కన 270 చదరపు అడుగులు కావాలి. 220 అంటే 0.86. ఆ గుడ్డకి అది బరువెక్కువే.

అసలు తేడా ఫ్లేర్ దగ్గర, అంటే దిగేముందు రెండు బ్రేకు పిడులూ (టాగుల్స్) కిందికి లాగి వేగం తగ్గించేచోట తెలుస్తుంది. మీ జెడ్‌పీని కాస్త పైనుంచే మెల్లగా లాగితే నేలకి సమాంతరంగా వచ్చి, సాగుతూ, మిగతా సగం లాగేదాకా మీకు టైమిస్తుంది. అరిగిన ఎఫ్-111కి ఆ ఓపిక లేదు. వేగమే తక్కువ, ఉన్న కాస్త గాలీ పైగుడ్డలోంచి జారిపోతుంది. పైనుంచి మెల్లగా లాగారంటే చివర్లో లాగడానికి ఏమీ మిగలదు, బరువంతా కాళ్ళమీద పడుతుంది. దాన్ని ఇంకాస్త కింద, ఒకే ఊపున గట్టిగా లాగాలి. మీ చేతులు జెడ్‌పీకి అలవాటు పడ్డాయి కాబట్టి మొదటి కొన్ని ల్యాండింగులు పీఎల్‌ఎఫ్‌కి (కాళ్ళు కలిపి, ఒరిగి దొర్లుతూ దెబ్బ తగలకుండా పడడం) సిద్ధమయ్యే చేయండి.

మలుపులు కూడా వేరే. పాత దీర్ఘచతురస్రపు కానపీకి టాగుల్ లాగితే బద్ధకంగా తిరుగుతుంది, వదలగానే బుద్ధిగా నెత్తిమీదికి వచ్చేస్తుంది. ఇప్పటి ఎలిప్టికల్ (చివర్లకి సన్నబడే) రకాల్లో చాలావరకు టాగుల్ వదిలాక కూడా కిందికి దూకుతూనే ఉంటాయి. అందుకే తక్కువ ఎత్తులో మలుపు తిప్పితే కొత్తవాటితోనే ఎక్కువ ప్రమాదం. ఆ ఒక్క విషయంలో పాతదే నయమని నా అభిప్రాయం. గాలి ఎదురైతే మాత్రం పాతది ముందుకి పోనే పోదు, ఒక్కోసారి వెనక్కి తోసుకుపోతుంది. కాబట్టి స్పాట్ (విమానంలోంచి దూకే చోటు) చూసుకుని దూకాలి.

జవాబు 2:

పైనాయన చెప్పింది నిజమే గానీ, ఎఫ్-111ని మరీ తీసిపారేస్తే నాకు మనసొప్పదు. నేను ఆక్యురసీ (గురిపెట్టిన చోటే దిగే పోటీ) చేస్తాను. నిండా బ్రేకులు పట్టి దాన్ని దాదాపు నిట్టనిలువుగా దించొచ్చు, అంగుళం అంగుళం సర్దుకుంటూ ఫోమ్ పరుపు మీద మడమ పెట్టొచ్చు. స్టాల్‌కి (రెక్క ఎగరడం మానేసి కూలే స్థితి) ముందు కానపీ మెత్తబడి చేతికి చెబుతుంది. మామూలు జెడ్‌పీతో అదే పని చేయబోతే చెప్పాపెట్టకుండా వెనక్కి పడేస్తుంది. ఇంకో సంగతి, మీ వీపు మీదున్న రిజర్వ్ (అత్యవసర పారాచూట్) ఏ గుడ్డతో కుట్టారో చూసుకున్నారా? చాలా రిజర్వులు ఇప్పటికీ ఏడు సెల్స్, ఎఫ్-111 లాంటి గుడ్డే.

ప్రశ్న అడిగినవారు:

రిజర్వ్ సంగతి అస్సలు తట్టలేదు! నాది 176. అంటే దాని మీద నా లోడింగ్ 1.08. టెన్షన్ పెట్టేశారు కదండీ. సరే, ఈ 220ని కొనే ముందు ఏం చూడాలి?

జవాబు 1:

రిజర్వ్ గుడ్డ అదే రకమైనా జంపులు చూడనిది, కాబట్టి అరిగిన కానపీలా జల్లెడ కాదు. కానీ ఫ్లేర్ అలవాటు మాత్రం అదే కావాలి. ఆ ఒక్క కారణానికైనా ఒకసారి ఎఫ్-111 ఎగరేయడం మంచిదే.

కొనే ముందు మధ్య సెల్ పైగుడ్డని, ముందు అంచుకి దగ్గరగా, నోటికి ఆనించి గాలి పీల్చి చూడండి. అరుగుదల ముందు అక్కడే కనపడుతుంది. తర్వాత తోక దగ్గరి గుడ్డతో అదే చేయండి. రెండిటికీ తేడా బాగా ఉంటే వద్దనండి. తేడా లేకపోయినా రిగ్గర్‌కి (పారాచూట్లు తనిఖీ చేసి బాగుచేసే నిపుణుడు) చూపించకుండా డబ్బు ఇవ్వకండి. లైన్లు (కానపీ తాళ్ళు) డేక్రాన్ రకం అయితే లావుగా ఉంటాయి, ఓపెనింగ్ కుదుపుని కొంత మింగుతాయి. ఎవరైనా స్పెక్ట్రా రకం తాళ్ళకి మార్పించి ఉంటే స్లైడర్ (తెరుచుకునేటప్పుడు తాళ్ళ వెంట కిందికి జారే గుడ్డ) రాపిడి వేడికి అవి కుంచించుకుపోతాయి, ముఖ్యంగా బ్రేకు లైన్లు. మొదటి జంపులో టాగుల్స్ పూర్తిగా పైకి వదిలి వెనక్కి చూడండి. బ్రేకు లైన్లు విల్లులా వెనక్కి వంగి ఉండాలి. బిగుసుకుని తోకని లాగుతూ కనిపిస్తే కానపీ సగం బ్రేకులోనే ఎగురుతోందన్నమాట, ఫ్లేర్‌కి మిగిలేది ఇంకా తక్కువ.

3,000 అడుగుల పైనే రెండు మూడు ఫ్లేర్లు, ఒక స్టాల్ చేసి చూసుకోండి. టాగుల్స్ ఎక్కడిదాకా వచ్చాక మెత్తబడిందో గుర్తుపెట్టుకోండి, ఛాతీ దగ్గరా, నడుము దగ్గరా అని. నేల దగ్గర మీకు పనికొచ్చే కొలత అదే.